కారు ఒక పక్కకి వాలిందా? కంప్రెసర్ కొనే ముందు టేపు తియ్యండి

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు, అంటే ఉక్కు స్ప్రింగుల బదులు గాలి మీద నిలబడే కారు, పొద్దున్న లేచి చూసేసరికి ఒక మూల కుంగిపోయి ఉంటే, గ్యారేజీకి తీసుకెళ్ళగానే వినపడే మొదటి మాట "కంప్రెసర్ పోయింది సార్", రెండో మాట "ఇదంతా పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకోండి, ప్రశాంతంగా ఉంటారు". ఈ మాటలు నమ్మి లక్షలు పోసినవాళ్ళని, ఇంజన్ గేర్‌బాక్స్ చెక్కుచెదరకుండా ఉన్న కారుని వచ్చినకాడికి అమ్ముకున్నవాళ్ళని చూసి చూసి ఇది రాస్తున్నా. చాలాసార్లు తప్పు చిన్నదే, వెతికే పద్ధతి లేక బిల్లు పెద్దదవుతోంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేను చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కారు వాలింది సరే, ఆ వాలిన సంగతి కారుకి తెలుసా తెలీదా? తెలిసి కూడా లేపలేకపోతోందంటే గొడవ గాలి దగ్గర, అంటే లీకో వాల్వో కంప్రెసరో. తెలీకపోతే, అంటే కారు తన లెక్కలో తను తిన్నగానే ఉన్నాననుకుంటుంటే గొడవ ఎత్తు కొలిచే సెన్సర్ దగ్గరో కాలిబ్రేషన్ (సెన్సర్ అంకెని అసలు ఎత్తుతో సరిపెట్టడం) దగ్గరో, లేదంటే అసలు గాలితో సంబంధం లేని బుష్‌ల (కీళ్ళ దగ్గరుండే రబ్బరు తొడుగుల) దగ్గరో. ఈ రెండిట్లో ఏదో తేలకుండా ఒక్క పార్ట్ కూడా కొనొద్దు. తేల్చుకోడానికి కావాల్సింది మేజరింగ్ టేపు, సస్పెన్షన్ కంట్రోల్ యూనిట్ లైవ్ డేటా చూపించే స్కానర్. ఇంజన్ కోడ్స్ మాత్రమే చదివే చవక స్కానర్ ఇక్కడ పనికిరాదు.

లోపల ఏముంటుందో కొంచెం చెప్తా. ఉక్కు స్ప్రింగు ఉండాల్సిన చోట మందపాటి రబ్బరు బెల్లో, దాన్నిండా గాలి. ఆ గాలి కొట్టడానికి కరెంటుతో తిరిగే చిన్న కంప్రెసర్, గాల్లో తేమ పీల్చడానికి దానికి అతుక్కుని ఒక డ్రయర్, ఏ చక్రానికి ఎంత గాలి పోవాలో తెరిచి మూసే వాల్వ్ బ్లాక్, కొన్ని కార్లలో గాలి నిల్వ ఉంచే రిజర్వాయర్. చాలా కార్లలో ప్రతి చక్రం దగ్గర సస్పెన్షన్ ఆర్మ్‌కి (చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యి) చిన్న లింకు రాడ్‌తో కట్టిన హైట్ సెన్సర్, ఇవన్నీ చూసుకునే కంట్రోల్ యూనిట్. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో ఎయిర్‌మ్యాటిక్ పేరుతో వచ్చినా, ఆడీ, ల్యాండ్ రోవర్, వోల్వో ఎవరు పెట్టినా సరంజామా ఇదే, కొన్ని కార్లలో ముందు మామూలు స్ప్రింగులు ఉంచి వెనక మాత్రమే గాలి పెడతారు.

ఇక కొలత సంగతి. కొలత సరిగ్గా లేకపోతే తర్వాత చేసేదంతా గాలిలో మేడ. ఫెండర్ అంచు నుంచి నేల దాకా కొలవొద్దు, అందులో టైరు అరుగుదల, టైరులో గాలి, నేల ఎత్తుపల్లాలు అన్నీ కలిసిపోతాయి. చక్రం మధ్య బిందువు నుంచి సరిగ్గా దాని నెత్తిమీద ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి కాగితం మీద రాసుకోండి. కారులో ఎవరూ ఉండకూడదు, తలుపులు డిక్కీ మూసి ఉండాలి, చాలా కార్లు తలుపు తెరిస్తే లెవెలింగ్ ఆపేస్తాయి. కొలిచే ముందు కారుని కొద్దిగా ముందుకీ వెనక్కీ నడిపి ఆపండి, పార్కింగ్ చేసేటప్పుడు తిప్పిన తిప్పుడికి టైర్లు, బుష్‌లు బిగుసుకుని ఉంటాయి. మన సెల్లార్ పార్కింగులన్నీ నీళ్ళు పోవడానికి ఎటో ఒక పక్కకి వాలుగానే వేస్తారు కాబట్టి, కంటికి వాలినట్టు అనిపిస్తే కారుని అదే చోట ఎదురు ముఖంగా తిప్పి పెట్టి చూడండి, ఇందాక ఎడమ పక్క కుంగినట్టుండి ఇప్పుడు కుడి పక్క కుంగినట్టుంటే వాలింది నేల. ఇంకొకటి, ఎప్పుడో గుద్దుకుని ఫెండర్ మార్చిన కారైతే ఆ అంచుని నమ్మకండి, తలుపుల కింద సిల్ దగ్గర కూడా కొలిచి పోల్చుకోండి. నా లెక్కలో ఐదారు మిల్లీమీటర్ల తేడాకి కంగారు అక్కర్లేదు, పదిహేను ఇరవై దాటితే వెతకాల్సిందే.

ఇప్పుడు స్కానర్ పెట్టి కంట్రోల్ యూనిట్ నాలుగు మూలల ఎత్తు ఎంతని చెప్తోందో చూసి, టేపు కొలత పక్కన రాయండి. టేపులో ముందు ఎడమ 20 మిల్లీమీటర్లు తక్కువ, స్కానర్‌లో కూడా తక్కువే అంటే కారుకి తెలుసు, గాలి వైపు వెళ్ళండి. టేపులో తక్కువ, స్కానర్‌లో రెండు పక్కలా సమానం అంటే కారుకి తెలీదు, ఇక కంప్రెసర్ పేరు ఎవరు ఎత్తినా పట్టించుకోకండి.

మా బావ కారు కథ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే దాంట్లో రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ ఎస్‌యూవీ. పొద్దున్నే ముందు భాగమంతా కిందకి దిగిపోతోంది, స్టార్ట్ చేశాక లేస్తుంది కానీ చాలాసేపు పడుతుంది, లేచాక కూడా ఎడమ పక్క కొంచెం తక్కువే. ఒక గ్యారేజీలో స్కాన్ చేస్తే కంప్రెసర్ ఓవర్‌హీట్ కోడ్ వచ్చింది, అంతే, కంప్రెసర్‌కి కొటేషన్ ఇచ్చేశారు. బావ ఫోన్ చేసి "ఆర్డర్ పెట్టేయమంటావా?" అంటే, "ఆగండి బావా, అది ఎందుకు వేడెక్కుతోందో చూద్దాం ముందు, ఈ రాత్రికి సస్పెన్షన్ ఫ్యూజ్ పీకేసి పడుకోండి, పొద్దున్నే వస్తా" అన్నా.

ఫ్యూజ్ ఎందుకంటే, చాలా ఎయిర్ సస్పెన్షన్ కార్లు తాళం వేశాక కూడా పూర్తిగా నిద్రపోవు. మధ్యమధ్యలో కంట్రోల్ యూనిట్ లేచి ఎత్తులు చూసుకుంటుంది. ఒక మూల లీకై దిగిందనుకోండి, ఇంజన్ ఆఫ్‌లో ఉంది కాబట్టి బ్యాటరీ దిగిపోకుండా కంప్రెసర్ వేయదు, దాని బదులు మిగతా మూలల్లో గాలి వదిలి కుంగినదానితో సమానం చేస్తుంది. రాత్రంతా ఇలా రెండు మూడు సార్లు చేసిందంటే పొద్దున్నకి లీకున్నది ఒక్క చోటే అయినా ముందు భాగమంతానో, కారు మొత్తమో నేలకి దగ్గరైపోతుంది, చూసినవాడు "నాలుగూ పోయాయి" అంటాడు. ఫ్యూజ్ తీసేస్తే కంట్రోల్ యూనిట్ వేలు పెట్టదు, ఏ మూల నిజంగా లీకో ఆ మూల మాత్రమే దిగుతుంది. ఆ ఫ్యూజ్ మీద ఇంకేమైనా ఆధారపడ్డాయేమో మాత్రం మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి, తిరిగి పెట్టాక డ్యాష్‌బోర్డ్‌లో కాసేపు వార్నింగ్ కనిపించినా భయపడక్కర్లేదు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే ముందు ఎడమ మూల ఒక్కటే బాగా దిగింది, ముందు కుడి కొంచెం. ఆ కొంచెం లీకు కాదు, యాంటీ రోల్ బార్ అనే కడ్డీ రెండు పక్కల్నీ కలుపుతుంది కాబట్టి ఒక పక్క దిగితే రెండో పక్కని కూడా కాస్త లాగుతుంది. ఇక సబ్బు నీళ్ళు. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్ళలో కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి, కారుని లేపి, అడుగున స్టాండ్లు పెట్టుకుని కొట్టాం. బెల్లో మడత చుట్టూ ఏమీ లేదు. స్ట్రట్ (బెల్లో, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే నిలువు కాలు) నెత్తి మీద, బానెట్ తెరిస్తే కనపడే చోట, సన్నటి నైలాన్ పైపు ఇత్తడి ఫిట్టింగ్‌లోకి దూరే దగ్గర ఆవగింజంత తెల్ల నురగ. తుడిస్తే పోయింది, కళ్ళు అక్కడే పెట్టి చూస్తుంటే మెల్లగా మళ్ళీ అదే చోట ఉబ్బింది. పైపు విప్పి చూస్తే చివర ఏటవాలుగా కోసి ఉంది, అంతకుముందు ఎవరో స్ట్రట్ విప్పినప్పుడు కటింగ్ ప్లేయర్‌తో నలిపి కోసినట్టుంది. పదునైన బ్లేడుతో నిట్టనిలువుగా కోసి కొత్త ఫిట్టింగ్ వేస్తే ఆ రాత్రి కారు ఇంచు కూడా కదల్లేదు. అంత చిన్న లీకు పూడ్చడానికి కంప్రెసర్ రోజూ అరిగిపోతోంది, వేడెక్కిందని కోడ్ పడింది దానికే. కోడ్ అబద్ధం చెప్పలేదు, వేడెక్కిన మాట నిజమే, ఎందుకన్నది దాంట్లో ఉండదు.

లీకు పోయాక కూడా ఇంజన్ ఆన్‌లో ఉండగా ఎడమ పక్క ఇంకా తక్కువే. టేపులో తేడా కనిపిస్తోంది, స్కానర్‌లో రెండు పక్కలూ సమానం. అంటే కారుకి తెలీదు. కింద దూరి చూస్తే ఎడమ లోయర్ ఆర్మ్ కొత్తది, ఎప్పుడో మార్చారు, హైట్ సెన్సర్ లింకు పట్టుకునే చిన్న రేకు బ్రాకెట్ వంగి ఉంది. బ్రాకెట్ కొద్దిగా వంగితే సెన్సర్ చెయ్యి కోణం మారుతుంది, సెన్సర్ దాన్నే ఎత్తు అనుకుంటుంది, కంట్రోల్ యూనిట్ దాన్ని నమ్మి గాలి వదిలేస్తుంది. బ్రాకెట్ సరిచేసి, టేపు కొలతలు స్కానర్‌లో ఎక్కించి కాలిబ్రేట్ చేస్తే తిన్నగా నిలబడింది. కంప్రెసర్ అదే పాతది, ఇప్పటికీ నడుస్తోంది.

సబ్బు నీళ్ళ గురించి ఇంకో మాట. బెల్లో పగుళ్ళు ఎక్కువగా మడత దగ్గరే మొదలవుతాయి, రబ్బరు తన కిందున్న గిన్నె మీదకి చుట్టుకునే చోట. కారు ఎత్తులో ఉన్నప్పుడు ఒక భాగం మడతలో ఉంటుంది, కింద ఉన్నప్పుడు వేరే భాగం, అందుకే మామూలు ఎత్తులో ఒకసారి, హై మోడ్‌లో ఒకసారి కొట్టి చూడాలి. ముందు స్ట్రట్‌లకి మడత మీద ప్లాస్టిక్ డస్ట్ కవర్ ఉంటే అది పైకి తొయ్యకుండా చూసిన చూపు చూపు కాదు. మన ఎండకి రబ్బరు గట్టిపడుతుంది, మన దుమ్ము, ఇసుక మడతలో చేరి గీస్తూ ఉంటుంది, కాబట్టి కారు కడిగేటప్పుడు హై మోడ్‌లో పెట్టి ఆ మడతలోకి మామూలు పైపుతో నీళ్ళు కొట్టి కడగండి. ఇంత చిన్న పనిని ఏ సర్వీసు లిస్టులోనూ నేను చూడలేదు.

మూలల్లో ఎక్కడా బుడగ రాకపోతే వాల్వ్ బ్లాక్ మీద అనుమానం. దాని మీద కూడా సబ్బు నీళ్ళు కొట్టి చూడొచ్చు గానీ లోపల ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే గాలి బయటకి రాదు, ఒక బెల్లోలోంచి ఇంకో దాంట్లోకి పోతుంది, లేదా ఎగ్జాస్ట్ దారిన కంప్రెసర్ దగ్గర తేలుతుంది. దానికి నాకు నచ్చిన పరీక్ష, బ్లాక్ దగ్గర ఎడమ కుడి పైపులు రెండూ మార్చి పెట్టి, మామూలు ఎత్తుకి గాలి ఎక్కించి, ఫ్యూజ్ తీసి ఒక రాత్రి వదిలేయడం. కుంగే మూల పక్క మారితే తప్పు బ్లాక్‌లో ఉంది, మారకపోతే బెల్లోలోనో పైపులోనో ఉంది. పైపులు మారాక గాలి స్కానర్‌తో విడిగా ఒక్కో మూలకి ఎక్కించాలి, కంట్రోల్ యూనిట్‌కి వదిలేస్తే ఎడమకి పంపాల్సింది కుడికి పంపి తికమకపడుతుంది. అలా పెట్టి రోడ్డెక్కొద్దు.

గ్యారేజీలో తరచూ వినే ఇంకో మాట "ప్రెషర్ చూశాం సార్, బాగానే ఉంది". ప్రెషర్ బాగుండటానికీ ఎత్తు బాగుండటానికీ పెద్దగా సంబంధం లేదు. బెల్లోలో ఒత్తిడి ఆ మూల మీద పడే బరువుని బట్టి ఉంటుంది, కారు కిందికి దిగినా బరువు అదే కాబట్టి ప్రెషర్ దాదాపు అంతే ఉంటుంది. తగ్గేది లోపలున్న గాలి మోతాదు, అంటే ఎత్తు. బెల్లో పూర్తిగా దిగి బంప్ స్టాప్ (చివర్న అడ్డుకునే దిమ్మ) మీద కూర్చున్నాకే ప్రెషర్ పడిపోతుంది.

కానీ ప్రెషర్ పనికొచ్చే చోటు ఒకటుంది, నాలుగు ఎత్తులూ సరిగ్గా ఉన్నా కారు ఏదో ఒక మూల గట్టిగా, ఇంకో మూల మెత్తగా తగులుతుంటే. కారు బాడీ నాలుగు కాళ్ళ మీద నిలబడే గట్టి పెట్టె. ముందు ఎడమ సెన్సర్ అబద్ధం చెప్పిందనుకోండి, ఆ మూలని కంట్రోల్ యూనిట్ అవసరం కన్నా ఎక్కువ లేపాలని చూస్తుంది, బాడీ మెలిక తిరగదు కాబట్టి దాని ఐమూలగా ఉన్న వెనక కుడి మీద కూడా బరువు పెరుగుతుంది, మిగతా రెండూ తేలికవుతాయి. స్కానర్ మూలమూలకీ ప్రెషర్ చూపించే కార్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది, ఒక ఐమూల జంట ఎక్కువ, ఇంకో జంట తక్కువ. ఇలా కనపడితే గట్టిగా తగిలే మూలలోనే తప్పుందనుకోకండి, నాలుగు సెన్సర్లూ టేపుతో పోల్చాల్సిందే. హైదరాబాద్ విజయవాడ మధ్య తిరిగే వోల్వో లాంటి ఎయిర్ సస్పెన్షన్ బస్సుల్లో మామూలుగా లెవెలింగ్ వాల్వులు మూడే పెడతారు, ముందు యాక్సిల్‌కి కలిపి ఒకటి, వెనక చెరో పక్క ఒకటి. మూడు కాళ్ళ పీట ఎక్కడా ఊగదు కదా, ఐమూల పోట్లాట అక్కడ పుట్టదు. నాకు ఆ ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది.

సెన్సర్ల పరీక్ష తేలిక. చాలా రకాలకి 5 వోల్టుల సప్లై ఉంటుంది, లింకు ఊడదీసి సెన్సర్ చెయ్యి మెల్లగా తిప్పుతూ మల్టీమీటర్‌లోనో స్కానర్‌లోనో చూస్తే అంకె జర్కు లేకుండా సాఫీగా మారాలి. మధ్యలో ఎక్కడైనా ఎగిరినా, ఆగినా మార్చేయాల్సిందే. ఇంజన్ ఆన్‌లో ఉండగా మాత్రం ఇది చెయ్యొద్దు, మీరు సెన్సర్ చెయ్యి తిప్పితే కారు దిగొచ్చు. వానాకాలంలో నీళ్ళు నిలిచిన రోడ్ల మీద తిరిగిన కార్లలో సెన్సర్ కన్నా దాని కనెక్టర్ ముందు చూడండి, పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. లింకు రాడ్ చివర బంతి జాయింట్లు కూడా ఊడిపోతాయి, కొత్త రాడ్ ఖరీదు సెన్సర్ ఖరీదు పక్కన లెక్కలోకి రాదు.

గాలి, సెన్సర్ రెండూ బాగున్నా వాలుతోందంటే బుష్‌లు చూడండి. లోయర్ ఆర్మ్ మార్చినప్పుడు కారు లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు చివరిదాకా బిగించేస్తారు. కారు కిందకి దిగాక రబ్బరు బుష్ మెలితిరిగిపోయి ఆ మూలని పైకి నెడుతూ ఉంటుంది, కొన్నాళ్ళకి చిరిగిపోతుంది కూడా. ఆ బోల్టులు ఎప్పుడూ కారు నిలబడే ఎత్తులో ఉండగానే బిగించాలి.

కంప్రెసర్ నిజంగా పోయే రోజు కూడా వస్తుంది, దాని పిస్టన్ రింగు అరుగుతుంది. అప్పుడు ఒక్క మూల కాదు, కారు మొత్తం లేవడానికి తంటాలు పడుతుంది. మార్చాల్సి వస్తే ముందు లీకులన్నీ కట్టండి, లేకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది, దాంతోపాటు రిలే కూడా మార్చండి, పాత రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో గాల్లో తేమ ఎక్కువ కాబట్టి డ్రయర్ లోపలి గుళికలు తొందరగా నిండిపోతాయి, అవి పొడై రాలి వాల్వ్ బ్లాక్‌లో చేరితే అది ఇంకో ఖర్చు.

చలికాలం పొద్దున్న నాలుగు మూలలూ సమానంగా కాస్త దిగితే అది లీకు కాదు. సాయంత్రం 30 డిగ్రీలున్న గాలి తెల్లవారేసరికి 15కి చల్లబడిందంటే కెల్విన్‌లో 303 నుంచి 288, అంటే లోపలి గాలి దాదాపు 5 శాతం కుంచించుకుంటుంది. స్టార్ట్ చేయగానే సర్దుకుంటుంది.

కింద దూరేవాళ్ళకి గట్టిగా చెప్తున్నా, గాలి మీద నిలబడ్డ కారు కిందకి వెళ్ళకండి. జాక్ మోడ్ (కారు లేపేటప్పుడు లెవెలింగ్ ఆపేసేది) ఉంటే వేయండి, స్టాండ్లు పెట్టండి, పైపు విప్పే ముందు గాలి వదలండి, లోపల టైరులో ఉండే ఒత్తిడికి కొన్ని రెట్లు ఉంటుంది, రిజర్వాయర్‌లో అయితే 15 బార్ చుట్టుపక్కల. కొత్త బెల్లో వేశాక ఖాళీగా ఉండగా కారు బరువు దాని మీద దించొద్దు, మడత తప్పుగా పడి నలిగి అక్కడే చిరుగుతుంది, కొద్దిగా గాలి ఎక్కించాకే దించాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే, ఓనరు స్టార్ట్ చెయ్యకముందే వెళ్ళండి. "అన్నా, నేను వచ్చేదాకా తియ్యొద్దు" అని ముందు రోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే అప్పటికే లేపి పెట్టారని అర్థం, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే నాలుగు మూలలూ కొలిచి, స్టార్ట్ చేసి, కంప్రెసర్ ఎంతసేపు మోగిందో విని, ఆగాక మళ్ళీ కొలిచి, ఆ రెండు వరసల అంకెలు చేతిలో పెట్టుకుని బేరం మొదలెట్టండి.